వియ్యంకుడు గారు ఎక్కని పడవ

మా వియ్యంకుడు గారు పోయారన్న కబురు నాకు పిల్లల ఫోను కంటే ముందే దోహా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కింద వరసగా దండాల బొమ్మలు. ఆ వారంలోనే వెస్ట్ బేలో ఓ హోటల్ హాల్లో సంతాపసభ. మమ్మల్ని జపాన్ యాత్రకు తీసుకెళ్ళిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "అంకుల్ గొప్ప ప్రకృతి ప్రేమికుడు. మాతో పడవలో చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టారు" అన్నాడు. శుద్ధ అబద్ధం. ఆయన ఆ పడవ ఎక్కనే లేదు.

ఆయనతో నాకు గొప్ప స్నేహమేమీ లేదు. నా చేతిలో పుస్తకం కనబడితే చాలు, "కళ్ళు పోతాయి బావగారూ" అనేవారు. గురక పెట్టి, పెట్టలేదని వాదించేవారు. కానీ గోదావరి గట్టున పుట్టి, ఏరన్నదే లేని దేశంలో ఉద్యోగమంతా చేసిన మనిషి. "ఇక్కడి సముద్రం నిలవ నీరండీ, నడవదు" అనేవారు. ఈ జపాన్ యాత్ర తర్వాత దూర ప్రయాణాలు మానేయమని గుండె డాక్టరు చెప్పాడు. ఏటి ఒడ్డునున్న ఆ జపాన్ పల్లెకు ఆయన వచ్చింది ఒక్క పడవ షికారు కోసమే.

మిగతావాళ్ళు ప్రకృతి కోసం, చేతివృత్తుల కోసం వచ్చారట! చేత్తో కాగితం తయారుచేసే ఓ ముసలమ్మ తొట్టిలోంచి తడి కాగితం ఎత్తుతుంటే, ఆమెకు వీపు పెట్టి సెల్ఫీలు తీసుకున్నారు. "ఇది ఆన్‌లైన్‌లో చీప్‌గా రాదా?" అంది ఒకావిడ.

రేవులో మా ఇద్దరికీ మర్యాద అడ్డొచ్చింది.

"మగపెళ్ళివారు, ముందు మీరెక్కండి బావగారూ," అన్నారాయన.

"భలేవారే! పెద్దవారు, మీరు ముందు."

"అలా ఎలాగండీ, పిల్లనిచ్చినవాణ్ణి!"

పడవలోంచి పెద్దమనిషి అరిచాడు. "యల్లా, పదండి అంకుల్! మీ పెళ్ళి మర్యాదలు దోహాలో చూసుకుందురు గాని!"

పడవంతా నవ్వింది. తాడు విప్పమని పడవవాడికి సైగ చేసింది కూడా ఆ పెద్దమనిషే. మేమిద్దరం రేవులోనే మిగిలిపోయాం. ఆ రోజుకి అదే ఆఖరి పడవ. తెల్లారితే మా రైలు. కాసేపు ఆగితే వాళ్ళ ప్రకృతి ఎక్కడికీ పారిపోయేది కాదు.

నాకు తెలిసిన భాషలన్నిట్లోనూ తిట్టాను. ఆయన నా భుజం తట్టారు.

"పోనిద్దురూ. ఆ గోలలో నీళ్ళ చప్పుడు వినబడదు."

మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకున్నారు. ప్యాంటు మడిచి, నన్ను అడగకుండా, నావైపు చూడకుండా ఏట్లోకి దిగారు. కళ్ళు మూసుకుని నిలబడిపోయారు. ఎండ అవతలి గట్టుకు చేరినా కదల్లేదు. నీళ్ళు మాత్రం ఆయన పిక్కల దగ్గర రెండుగా చీలి, మళ్ళీ కలుసుకుని, పోతూనే ఉన్నాయి.