పదకొండో నంబరు బస్సు ఎవరికోసమూ ఆగదు

నార్మన్ ప్రిడ్డీని పదకొండో నంబరు బస్సు వదిలేసి పోని పేట బర్మింగ్‌హామ్‌లో లేదు. కాటరిడ్జ్‌లో వదిలేసింది. బేర్‌వుడ్‌లో వదిలేసింది. ఎర్డింగ్టన్‌లో అయితే కుండపోత వానలో, ప్యాంటు సగమే బిగించుకుని పరిగెత్తుకొస్తుంటే వదిలేసింది. తప్పు బస్సుది కాదు, బీరు గొంతు దిగీ దిగకముందే తొందరపెట్టే అతని ఒంటిది. ఇంకా నిజం చెప్పాలంటే తప్పు నార్మన్‌దే. ఎందుకంటే ఆ రూలు పెట్టిన మహానుభావుడు అతనే.

రూలు చిన్నది. ఏటా నవంబరు ఆఖరి శనివారం మిత్రబృందం ఊరి చుట్టూ తిరిగే పదకొండో నంబరు ఎక్కుతుంది. ఒక పబ్బు దగ్గర దిగుతుంది, తలా ఒక గ్లాసు తాగుతుంది, మళ్ళీ ఎక్కి ఇంకో పబ్బుకి పోతుంది. అలా చుట్టుకుంటూ బయల్దేరిన చోటికే రావాలి. బస్సు వచ్చేసరికి ఎవడు దొడ్లో ఉంటే వాడు అక్కడే ఉండిపోవాలి. మిగతావాళ్ళు పై అంతస్తులో ముందు సీట్లు పట్టుకుని, అద్దంలోంచి వాడికి బూతు తిట్టినట్టు రెండు వేళ్ళు చూపించి వెళ్ళిపోతారు. ఉండిపోయినవాడు తర్వాతి బస్సులో చచ్చినట్టు వచ్చి అందరికీ పోయించాలి. ఆగడం లేదు, జాలి లేదు, అప్పీలు అసలే లేదు.

వీళ్ళంతా ఇత్తడి కుళాయిలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు. నార్మన్ బడి మానేసిన వారమే అక్కడ పాలిష్ చక్రం ముందు కూర్చున్నాడు, జుట్టు తెల్లబడ్డాక లేచాడు. ఆ రోజుల్లో అతను ముక్కు చీదితే రుమాలు నిండా పసుప్పచ్చటి పొడి మెరిసేది. "మా ఆయన బంగారం చీదుతాడు, కొనే కంసాలే దొరకడు," అనేది భార్య బెరిల్. పొడిలో రుమాలుకి అంటింది ఎంత, లోపలికి పోయింది ఎంత అని అప్పట్లో ఎవరూ అడగలేదు.

మొదట్లో అయిదుగురు. ఒకడు గుండె ఆగి పోయాడు, ఇంకొకడు రెండో పెళ్ళాంతో స్పెయిన్ పోయాడు. సిరిల్ టాంక్స్ లెక్కలో ఆ రెండూ ఒకటే. సిరిల్ పోత కొలిమి మనిషి. పొట్టి, లావు, నోరు తెరిస్తే వీధి చివరి దాకా వినిపిస్తుంది. మూడోవాడు ఎన్నిస్ బ్లాక్‌వుడ్. చిన్నప్పుడే తల్లి చెయ్యి పట్టుకుని జమైకా నుంచి ఓడ దిగాడు. తాటిచెట్టంత మనిషి, మాట పొదుపు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి.

ఆ ఏడు ఆగస్టులో డాక్టరు నార్మన్‌కి అతని ఊపిరితిత్తుల బొమ్మ చూపించాడు. వచ్చే వేసవి సంగతి అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. నార్మన్‌కి అర్థమైపోయింది.

ఇంటికొచ్చి బెరిల్‌తో అన్నాడు: "వాళ్ళిద్దరికీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? మన పెళ్ళికి నాకన్నా ముందు చర్చికొచ్చినవాళ్ళు."

"అందుకే. చెప్తే జాలిపడతారు. ఆ సిరిల్ గాడు 'పాపం' అనడం వినేకంటే ఇప్పుడే పోతే నయం. ఒక్క ట్రిప్పు, బెరిల్. ఎప్పటిలాగే తిట్టాలి, ఎప్పటిలాగే మోసం చెయ్యాలి, ఎప్పటిలాగే నన్ను వదిలేసి పోవాలి. ఆ తర్వాత మంచానికి కట్టేసుకో, కాదనను."

బెరిల్ బంగాళాదుంపల తొక్క తీస్తూ సరేనంది. తలెత్తలేదు. అతను గమనించాల్సింది అదే.

నవంబరు శనివారం వచ్చింది. పొగమంచు, ఎముకలు కొరికే చలి. బస్సెక్కగానే నార్మన్ అలవాటుగా మెట్లవైపు తిరిగాడు. సిరిల్ అప్పటికే కింద, ముసలివాళ్ళ సీట్లో చతికిలబడి ఉన్నాడు.

"పైకి రావేంట్రా?"

"పైన చలి," అన్నాడు సిరిల్. బతుకంతా కొలిమి వేడికి కాలి, చలి అంటే పండగని చెప్పే మనిషి!

మొదటి పబ్బులో సిరిల్ గ్లాసులు పట్టుకొచ్చాడు. రెండు నిండు గ్లాసులు, ఒకటి సగం గ్లాసు. సగం గ్లాసు నార్మన్ ముందు పెట్టాడు.

నార్మన్ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇదెవరికి? పిల్లికా?"

"మెల్లగా తాగొచ్చు కదా అని..."

"బెరిల్ చెప్పింది."

"ఏం చెప్పింది?" సిరిల్ తన గ్లాసులో నురగ లెక్కపెడుతున్నట్టు చూశాడు. ఎన్నిస్ గోడమీద ఎండ్రకాయ బొమ్మ చూశాడు. అందులో అంత చూడ్డానికేమీ లేదు.

రెండో పబ్బు కింగ్స్ హీత్‌లో. నార్మన్ దొడ్డికి వెళ్ళి, కావాలనే ఆలస్యం చేశాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. బయట బస్సు వచ్చి ఆగిన చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు, కదిలిపోయిన చప్పుడు విన్నాడు. హమ్మయ్య అనుకున్నాడు. నవ్వుకుంటూ తలుపు తీశాడు. ఎదురుగా ఇద్దరూ నిలబడి ఉన్నారు. సిరిల్ చేతిలో అతని కోటు, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.

"బస్సు పోయిందిగా!"

"పోతే పోయింది," అన్నాడు సిరిల్ మెత్తగా. "ఇంకోటి వస్తుంది. నువ్వు నిదానంగా రా."

ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని నార్మన్‌కి ఇన్నేళ్ళలో తెలీదు. డాక్టరు కిటికీలోంచి చూసినప్పుడు కూడా ఇంత భయమెయ్యలేదు. ఆ రోజు తను జబ్బు మనిషయ్యాడు. ఈ రోజు వీళ్ళు అప్పుడే తనని పాడెక్కించి మోస్తున్నారు, అదీ కుదుపు లేకుండా.

మూడో పబ్బులో అతను మళ్ళీ లేచాడు. "దొడ్డికి," అన్నాడు. సిరిల్ వెంటనే అతని కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నార్మన్ వంటింటి పక్కనుంచి వెనక తలుపు తీసుకుని, ఖాళీ పీపాల మధ్యనుంచి నక్కలా బయటపడి, సందు తిరిగి రోడ్డెక్కాడు. వరమిచ్చినట్టు పదకొండో నంబరు వచ్చింది.

పై అంతస్తుకే ఎక్కాడు. పట్టుమని పదిహేను మెట్లుండవు, నాలుగుచోట్ల ఆగాడు. కళ్ళముందు మిణుగురులు తిరిగాయి. ముందు సీట్లో కూలబడి కిందికి చూశాడు. సిరిల్ పబ్బు గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో కోటు వేలాడుతోంది. నార్మన్ అద్దానికి ఆనించి రెండు వేళ్ళు చూపించాడు.

"ఒరేయ్ దొంగ వెధవా! దిగరా! దిగమంటుంటే!" అని సిరిల్ అరిచిన అరుపు అద్దం దాటి వినిపించింది. ఆ రోజు నార్మన్ చెవిన పడ్డ మొదటి మంచి మాట అదే.

నాలుగో పబ్బు హార్బోర్న్ దగ్గర. దిగి చూస్తే కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. వేసవిలోనే మూసేశారట, బోర్డు కూడా పీకేశారు. లోపల వెచ్చగా నెగడు ముందు కూర్చుని, రాగానే వీళ్ళని ఏడిపిద్దామనుకున్నవాడు బస్‌స్టాపులో కూర్చోడానికి బిగించిన ఏటవాలు పలకమీద, కోటు లేకుండా, పిచ్చుకలా ముడుచుకుని కూర్చున్నాడు.

తర్వాతి బస్సు వచ్చింది. పైన ముందు సీట్లో ఇద్దరూ ఉన్నారు. సిరిల్ కిందికి చూశాడు, చెక్కలు చూశాడు, నార్మన్‌ని చూశాడు. ఎన్నిస్ గబుక్కున లేచాడు. సిరిల్ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. ఆ ఎర్రటి మొహంలో ఏదో పెనుగులాట జరిగింది. ఆఖరికి సిరిల్ చెయ్యెత్తి, అద్దానికి ఆనించి, రెండు వేళ్ళు చూపించాడు.

బస్సు వెళ్ళిపోయింది.

నార్మన్ నవ్వాడు. పగలబడి నవ్వాడు. వదిలేసి పోయారు! ముండాకొడుకులు, నిజంగానే వదిలేసి పోయారు! నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు, పక్కటెముకలు విరిగి చేతికొస్తాయేమో అనిపించింది. ఆగేసరికి వేళ్ళు నీలంగా మారాయి.

ఇంకో బస్సొచ్చింది. లేచి తలుపు కమ్మీ పట్టుకున్నాడు, కాలు లేవలేదు. డ్రైవరమ్మ మెట్టు కిందికి దించింది. అయినా లేవలేదు.

"తొందరేం లేదు పెద్దాయనా, నిదానంగా ఎక్కండి," అంది.

బస్సు అతనికోసం ఆగింది. ఇంజను కూడా ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. లోపలున్న జనమంతా అతని బూటునే చూస్తున్నారు, ఎవరి మొహంలోనూ విసుగు లేదు. ఒకామె లేచి సీటు ఖాళీ చేసింది కూడా.

"మీరు వెళ్ళండమ్మా," అన్నాడు నార్మన్. "నా వాళ్ళు వస్తారు."

ఎవరూ రారని అతనికి తెలుసు. రూలు అతనిదేగా. బస్సు కదిలాక వీధి ఒక్కసారిగా ఎడారైపోయింది. కావలసింది దొరికింది. దాంతో ఏం చేసుకోవాలో తెలీలేదు. పళ్ళు టకటకమంటున్నాయి. బెరిల్ ఇప్పుడు టీ పెట్టుకుంటూ ఉంటుంది. ఇక్కడే, ఈ పలకమీదే అయిపోతే తెల్లారి పేపర్లో ఏం రాస్తారు? మూసేసిన పబ్బు బయట ముసలాడు. నవ్వు రాలేదు.

చాలాసేపటికి, బస్సు వెళ్ళినవైపు నుంచి పొడుగాటి మనిషొకడు కుంటుకుంటూ నడిచొస్తూ కనిపించాడు. అడుగుకొక తిట్టు తిడుతున్నాడు. ఎన్నిస్! మాట పొదుపు మనిషి దగ్గర అన్ని తిట్లున్నాయని నార్మన్ ఎరగడు.

ఎన్నిస్ వచ్చి కోటు అతని మొహాన విసిరికొట్టాడు. "నీ బట్టలు మొయ్యడానికి నేనేమన్నా నీ చాకలినా?"

నార్మన్ కోటు తొడుక్కోడానికి ప్రయత్నించాడు. చెయ్యి కోటు కన్నంలో దూరలేదు. ఎన్నిస్ చూశాడు, సాయం చెయ్యలేదు, మొహం తిప్పుకుని అది దూరేదాకా నిలబడ్డాడు.

"రూలు తప్పావురా," అన్నాడు నార్మన్, పళ్ళ మధ్యనుంచి.

"ఏం రూలు? మోకాలు పట్టేసింది. పైన కూర్చోలేక దిగాను. నీకోసమని ఎవడన్నాడు?"

"మరి వెనక్కి నడిచొచ్చావే?"

"ముందుకి ఎత్తు. ఇటైతే పల్లం."

నార్మన్ రోడ్డు చూశాడు. అటూ ఇటూ బల్లపరుపుగా ఉంది.

"అవును," అన్నాడు. "ఇటు పల్లమే."

ఎన్నిస్ పక్కన కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు. సిరిల్ తర్వాతి పబ్బులో ఒంటరిగా కూర్చుని, అక్కడున్నవాళ్ళందరినీ బండబూతులు తిడుతూ ఏడుస్తున్నాడని చెప్పలేదు. బస్సొచ్చింది. ఎన్నిస్ లేవలేదు. నార్మన్ లేవలేకపోయాడు. బస్సు వెళ్ళిపోయింది.

"మోకాలు," అన్నాడు ఎన్నిస్.

"తొందరేముంది," అన్నాడు నార్మన్.