మిషను తొక్కిన కటింగ్ మాస్టరు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ కటింగ్ మాస్టరే. ఇరవై ఏడేళ్లుగా తమ చిన్న టైలరు దుకాణంలో ఆయన నిలబడి గుడ్డ కత్తిరిస్తే, భార్య మిషను మీద కుట్టేది. మిషను ముందు ఆయన ఒక్కనాడూ కూర్చోలేదు. కత్తెర పట్టినవాడు కూర్చుంటే కొలత కూడా కూర్చుంటుందని ఆయన వాదన.

వానలు మొదలైన రోజుల్లో వైరల్ జ్వరం వచ్చింది. ఆరు రోజులకు తగ్గింది. హమ్మయ్య అనుకున్నారు. పదోరోజు పొద్దున మంచం దిగబోతే కాళ్లు మాట వినలేదు. మరో రెండు రోజుల్లో చేతుల్లోనూ పట్టు సడలింది. జ్వరం పోతూ పోతూ నరాలను దెబ్బతీసిందని, అవి కోలుకుంటాయిగానీ నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రిలో రోజులు కలలో నడిచినట్టే నడిచాయి. ఎత్తైన కిటికీలోంచి ఎండ వచ్చి దుప్పటి మీద పరుచుకుంటే, ఎవరో కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డలా కనబడేది. ఎక్కడ మడవాలో, ఎక్కడ సుద్దగీత గీయాలో చూస్తూ చూస్తూ మగతలోకి జారుకునేవాడు. అక్కడ నీలం గుడ్డ ఏరులా సాగుతూ ఉండేది. చేతులు హాయిగా ఆడేవి, కత్తెర తడబడేది కాదు. కళ్లు తెరిస్తే మంచం చివర తన పాదాలు ఎవరో మరిచిపోయి వెళ్లిన సామానులా ఉండేవి.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఆయనకు కూతురయ్యే ఈడుది. మొదటి వారమంతా కాలివేళ్లు కదిలించడమే పని. తర్వాత మెత్తని బంతి పిసకడం, ఆపైన మంచం అంచున కూర్చోవడం. చక్రాల కుర్చీ తోసే బాధ్యత బావమరిదిది.

"బావా, ఇన్నేళ్లూ మాటలతో మా అక్కని కూర్చోబెట్టావు. ఇప్పుడు నిన్ను నిలబెట్టడానికి ముగ్గురం కావలసొచ్చింది," అనేవాడు. మాస్టరుకు నవ్వొచ్చేది, నవ్వితే ఆయాసం వచ్చేది.

నాలుగో వారంలో ఆయనకు తొందర పుట్టింది. ఎవరూ చూడకుండా వ్యాయామాలన్నీ రెండింతలు చేశాడు. మర్నాడు చేతిలో చెంచా నిలవలేదు. ఆ అమ్మాయి కోప్పడలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, తడిగుడ్డని లాగి కొలిస్తే ఏమవుతుంది?"

"ఆరాక కురచైపోతుంది."

"మీ నరాలు ఇప్పుడు తడిగుడ్డే. లాగకండి. చెప్పినంత చెయ్యండి, ఆ తర్వాత పడుకోండి."

ఆ మాట ఆయన మనసుకెక్కింది. అప్పటినుంచి విశ్రాంతిని కూడా పనిలాగే చేశాడు. రెండు కడ్డీల మధ్య మొదటిసారి నడిచిన పొద్దున, నేల దూదిలా కింద అణిగిపోయినట్టు, గోడలు మెల్లగా వెనక్కి తేలిపోతున్నట్టు అనిపించింది. ఎనిమిది అడుగులు. తొమ్మిదోది వేస్తానన్నా ఆ అమ్మాయి వెయ్యనివ్వలేదు.

మూడో నెలలో కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. బల్లమీద కత్తిరించిన జాకెట్టు ముక్కలు ఉన్నాయి. తప్పు దొరుకుతుందేమోనని వెతికాడు. చంక దగ్గర వంపు తీర్చిదిద్దినట్టుంది. ముక్కను తిప్పి మళ్లీ చూశాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఇరవై ఏడేళ్లు మీ వెనకే కూర్చున్నాగా. వెనకనుంచి ఇంకా బాగా కనబడుతుంది," అంది భార్య, సుద్ద పక్కన పెట్టకుండానే.

ఆ వారమే ఫిజియోథెరపీ అమ్మాయి, చీలమండలకు బలం రావాలంటే ఇంట్లో ఏముందని ఆరా తీసింది. దుకాణంలో తొక్కుడు మిషను ఉందని బావమరిది ముందే చెప్పేశాడు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు తొక్కమంది. మాస్టరు రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడోరోజు కూర్చున్నాడు. చక్రం తిరిగింది. పాదాలు ఎక్కడో దూరంనుంచి, ఆలస్యంగా, ఔనన్నట్టు బదులిచ్చాయి. ఆ చప్పుడు వింటూ పది నిమిషాలు దాటినా లేవలేదు. భార్య వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. సూది కింది గుడ్డమీద ఆయన వేసిన వంకర కుట్టు చూసి విప్పేసింది.

ఏడాది తిరిగేసరికి కర్ర మూలకు చేరింది. వేలికొసల మొద్దుబారుడు మాత్రం పూర్తిగా పోలేదు. కత్తెర భార్య చేతిలోనే ఉండిపోయింది. ఆయన తిన్నని కుట్లు వేస్తాడు, అలసట రాకముందే లేచి వీధి చివరిదాకా నడిచొస్తాడు. మొదట్లో సిగ్గుపడ్డాడుగానీ, ఇప్పుడు కొలతలకొచ్చినవాళ్లకు ఆయనే చెబుతాడు:

"ఆవిణ్ణి అడగండి. కటింగ్ ఆవిడది."