మా తాత కొట్టి చూసిన ట్రంపెట్

నా చిన్నప్పుడు మా తాత ఏ వస్తువునూ కొట్టి చూడకుండా కొనేవాడు కాదు. కుండనో, కొబ్బరికాయనో అయితే అందరూ కొట్టి చూస్తారు. ఆయన బకెట్‌ను కొట్టేవాడు, తలుపు చెక్కను కొట్టేవాడు. మా ఇంటికి రేడియో వచ్చిన రోజున దాన్ని కూడా వేళ్ల కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, మంచిదేనని తేల్చేశాడు. అప్పటికి దానికి కరెంటు కూడా పెట్టలేదు. నేను అల్లరి చేస్తే నా నెత్తి మీద కూడా అలాగే కొట్టి, "డొల్ల" అని నవ్వేవాడు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. గోదావరిఖనిలో బొగ్గు గనిని మేమంతా బాయి అంటాం. ఆ బాయిలో మా తాత పనే కొట్టి చూడటం. షిఫ్టు మొదలయ్యే ముందు పొడవాటి కర్రతో లోపలి పైకప్పును తట్టి, చప్పుడు వినేవాడు. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే వదులైనట్టు. ఆయన సరేనన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కిందికి వెళ్లేవారు. అంతమంది ఆ చెవిని నమ్ముకుని క్షేమంగా ఇళ్లకు తిరిగొస్తుంటే, ఇక లోకంలో ఏ వస్తువు గుట్టయినా తన చెవికి తెలిసిపోతుందని ఆయన అనుకోవడంలో వింతేముంది? మా ఇంట్లో అందరమూ అదే అనుకునేవాళ్లం.

మా చర్చికి ఒక బ్యాండు ఉండేది. వాయించేవాళ్లంతా బాయి కార్మికులే. క్రిస్మస్ దగ్గర పడితే సాయంత్రాలు కంపెనీ క్వార్టర్ల వీధులన్నీ తిరుగుతూ పాటలు వాయించేవారు. డప్పు వెంట, డోలు వెంట పిల్లలు పరుగెత్తుతారు కదా, నేను మాత్రం ట్రంపెట్ వెంట పరుగెత్తేదాన్ని. ఆ బ్యాండును నడిపే పెద్దమనిషిని మేం బ్యాండు కాక అని పిలిచేవాళ్లం; మా వైపు బాబాయిని కాక అంటాం. ఆయనది ల్యాంపు రూములో ఉద్యోగం. బాయిలోకి దిగేవాళ్లు టోపీకి తగిలించుకునే లైట్లను కిటికీలోంచి ఒక్కొక్కరికీ అందించడం ఆయన పని.

నేను ట్రంపెట్ నేర్చుకుంటానని అడిగితే బ్యాండు కాక నవ్వలేదు. నవ్విన వాళ్లు వేరే ఉన్నారు. ఆడపిల్లకు అంత ఊపిరి ఎక్కడిదని చర్చి గుమ్మం దగ్గరే, నేను వింటుండగానే అన్నారు. బ్యాండు కాక వాళ్లతో వాదన పెట్టుకోకుండా, క్రిస్మస్ లోపల ఒక్క పాట సరిగ్గా వాయిస్తే నన్ను బ్యాండులో నిలబెడతానని మాటిచ్చాడు. అయితే ఎవరి వాయిద్యం వాళ్లే తెచ్చుకోవాలి. కొన్నాళ్లు ఆగితే కొనడానికి తానూ తోడొస్తానన్నాడు గానీ, మా తాత ఒప్పుకోలేదు.

"బాయిల నా చెవిని నమ్ముతరు గని, గీ బాకాకు నమ్మరా? నువ్వెందుకు, నేను తెస్త తియ్," అన్నాడు.

మర్నాడే నన్ను రైలెక్కించి వరంగల్ తీసుకెళ్లాడు. బ్యాండు సామాను అమ్మే ఆ కొట్టులో వాడిన ట్రంపెట్లు రెండు ఉన్నాయి. వాయించి చూసుకోమని కొట్టాయన మంచిగానే చెప్పాడు. వాయించడం మా ఇద్దరికీ రాదు. తాత రెండింటినీ వరసగా కొట్టాడు. ఒకటి ముక్తసరిగా పలికి ఊరుకుంది. రెండోది గుడిగంటలా చాలాసేపు మోగింది. తాత ముఖం వెలిగిపోయింది. "ఇగో, ఇది గట్టి రాయి," అంటూ దాన్ని నా చేతుల్లో పెట్టాడు. తిరుగు రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత సంతోషం నాకు మళ్లీ పెళ్లప్పుడు కూడా కలగలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కష్టం. బ్యాండు కాక చెప్పినట్టే పెదాలు బిగించి ఊదేదాన్ని. పుస్సుమనేది. ఇంకా గట్టిగా ఊదితే కళ్లు బైర్లు కమ్మి, పీలగా ఒక కూత వచ్చి ఆగిపోయేది. క్వార్టరు వెనక బాదం చెట్టు కింద కూర్చుని, పొద్దున బడికి ముందూ సాయంత్రం బడి తర్వాతా ఊదాను. బుగ్గలు నొప్పి పుట్టాయి, పెదాలు వాచాయి, పాట మాత్రం రాలేదు. తాతతో చెప్తే ఆయన మళ్లీ ట్రంపెట్‌ను కొట్టి, చెవి పెట్టి విని, మంచిగనే ఉన్నది గద బిడ్డా అనేవాడు. ఎంతో ప్రేమగా అన్న మాటే. కానీ ట్రంపెట్ మంచిదైతే లోపం ఎవరిది? నాకే ఊపిరి లేదన్నమాట. చర్చి గుమ్మం దగ్గర వాళ్లన్నది నిజమేనన్నమాట. నా పసిమనసుకు అది ఎంత బరువో ఇప్పుడు తలుచుకున్నా నాకు బాధేస్తుంది. చివరికి ట్రంపెట్‌ను తువ్వాలలో చుట్టి మంచం కిందికి తోసేసి, నాకిక వద్దన్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక బ్యాండు కాక నన్ను ఆపి, నేర్చుకోవడానికి ఎందుకు రావడం లేదని అడిగాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన తాతతో ట్రంపెట్ తెప్పించి, చర్చి అరుగు మీద కూర్చుని ఊదాడు. పాట వచ్చింది! ఆయనకు పలికిందంటే తప్పు నాదేనని ఇక అందరికీ తెలిసిపోయినట్టే. కానీ బ్యాండు కాక భ్రుకుటి ముడిపడింది. మళ్లీ ఊదాడు. తర్వాత అక్కడ ఆడుకుంటున్న పిల్లల రబ్బరు బంతి అడిగి తీసుకుని, నీళ్లలో తడిపి, ట్రంపెట్ పెద్ద నోట్లోకి గట్టిగా అదిమాడు. మా తాత అరచేతిని కూడా తడిపి, వేళ్లతో నొక్కే మీటల దగ్గర పెట్టమన్నాడు. అప్పుడు ఊదాడు.

తాత చెయ్యి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. మూసుకుపోయిన ట్రంపెట్‌లోంచి గాలి బయటికి రాకూడదు. అది మీటల సందుల్లోంచి వచ్చి ఆయన తడి చేతికి చల్లగా తగిలింది. లోపల మీటలు అరిగిపోయాయి. నా ఊపిరంతా దారిలోనే పోతోంది.

"అన్నా, బాయిల కొత్తోడు దిగెనాడు నా కిటికీ కాడ నిలబడి, ఉన్నవాట్లల్ల మంచి లైటు తీసియ్యుమని లొల్లి వెట్టేదెవరే? నువ్వే గద," అన్నాడు బ్యాండు కాక. "పాతోనికి ఏ లైటైనా నడుస్తది, తోవ ఎర్కే. కొత్తోనికి ఏమెర్క? లైటు మంచిగ లేకుంటె తన కండ్లే పోయినయనుకుంటడు. మరి గీ పిల్లకు గిట్ల ఎట్ల తెచ్చినవే?"

అందులో ఎగతాళి ఉంది, ప్రేమా ఉంది. మా తాత అందరి ముందూ నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాది బిడ్డా. నీ ఊపిరి మంచిగనే ఉన్నది. నేనే తెల్వక తెచ్చిన," అన్నాడు. ఇంట్లో గానీ బయట గానీ ఆయన తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపు ఆగిపోయింది.

దాన్ని బాగు చేయించాలంటే హైదరాబాద్ పంపాలి. క్రిస్మస్ లోపల తిరిగి రాదు. బ్యాండు కాక లోపలికి వెళ్లి, ఏళ్ల తరబడి తాను వాయిస్తున్న ట్రంపెట్‌ను తెచ్చి నాకిచ్చాడు. నాది ఆయన తీసుకున్నాడు. ఇంటికెళ్లి ఆయనది ఊదితే, మొదటి ఊపిరికే స్వరం బాదం చెట్టు దాటి వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ క్రిస్మస్‌కు ఒక పాట నేర్చుకుని నేను బ్యాండులో నిలబడ్డాను. నా పక్కనే బ్యాండు కాక ఆ గాలి కారిపోయే ట్రంపెట్‌ను వాయించాడు. బుగ్గలు ఎర్రబడి, చరణానికి చరణానికీ మధ్య ఆయాసపడుతూనే వాయించాడు. నా పాట తేలిగ్గా వస్తున్నకొద్దీ, నా చూపు ఆయన ముఖం మీది చెమట వైపే పోయింది. మా తాత మాత్రం బ్యాండుకు ముందు నడుస్తూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ పిల్ల నా మనవరాలని చెప్పుకుంటూ వచ్చాడు.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. పిల్లవాడి రాత బాగోలేకపోతే ముందు వాడి పెన్ను తీసుకుని నేను రాసి చూసేదాన్ని. లెక్క తప్పితే వాడు కూర్చున్న చోట కూర్చుని, బోర్డు కనిపిస్తోందో లేదో చూసేదాన్ని. తోటి టీచర్లు నాది చాదస్తం అనేవారు. కావచ్చు. నాకేమో ప్రతి కొత్త పిల్లలోనూ బాదం చెట్టు కింద కూర్చున్న నేనే కనిపించేదాన్ని.

మొన్న నా మనవరాలు బడి బ్యాండులో చేరింది. ఆమెకు సంగీతం చెప్పే మాస్టారిని వెంటబెట్టుకుని ట్రంపెట్ కొనడానికి కరీంనగర్‌లో ఒక కొట్టుకు వెళ్లాం. "నేర్చుకునే పిల్లనే గదమ్మా, ఇప్పటికి ఏదో ఒకటి నడుస్తది. వచ్చినంక మంచిది కొనుండ్రి," అన్నాడు కొట్టబ్బాయి. వాయించడం వచ్చినవాళ్లకు ఏదైనా నడుస్తుంది బాబూ, మంచిది కావలసింది రాని పిల్లకే అన్నాను. మాస్టారు ఒక్కొక్కటే వాయించి, మీటలు నొక్కి చూసి ఒకటి పక్కన పెట్టారు. నా మనవరాలు ఊదింది. పెద్ద కష్టం లేకుండానే పలికింది.

అదే ఇవ్వమన్నాను. తీరా అది చేతికొచ్చాక నా చెయ్యి ఊరుకోలేదు. వేళ్ల కణుపులతో రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను. దాంతో ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా అది ఖంగుమని పలికితే కళ్లు చెమర్చాయి.

"నానమ్మా, ఎట్లుంది?" అని అడిగింది నా మనవరాలు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. పాట రాకపోతే మాత్రం ముందుగాల నా దగ్గరికి తే," అన్నాను.