ఆగిపోయిన తొమ్మిదో పాట

నా భార్య పోయి పదహారు రోజులైంది. ఆ మంగళవారం ఉదయం రెండు చెంచాల రాగి గంజి తాగింది. పదింటికి ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నం నా చేతి మీద వేళ్లతో తాళం వేసింది. మూడున్నరకు ఆ వేళ్లు ఆగాయి. డాక్టరు వచ్చేలోగా అయిపోయింది.

ఆమె పాట మా కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చాలామంది విన్నారు. గనుల కాలనీల్లో రాక్ వాయించిన నాలుగు బ్యాండ్ల నుంచి ఒక్కొక్కరు చేరి, అరవై దాటాక, ఒకే ఒక్క ఆల్బమ్ చేద్దామనుకున్నారు. ఊళ్లో సూపర్‌గ్రూప్ అన్నారు. "సూపరూ లేదు, గ్రూపూ లేదు. నలుగురు ముసలోళ్లం, ఎనిమిది మోకాళ్ల నొప్పులు," అనేది ఆమె.

బేతమంగళ దగ్గర మా పట్టుపురుగుల షెడ్డే స్టూడియో. పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలను గోడలకు ఆనిస్తే గొంతు మారుమోగదని కనిపెట్టింది ఆమే. ఒక పంట గూళ్లు అమ్మి, మరో పంట పురుగులు వచ్చేలోగా దొరికే పది రోజుల్లోనే రికార్డింగు. అలా ఎనిమిది పాటలయ్యాయి.

ప్రతి పాటా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో పాడేది. తప్పు దొర్లితే మళ్లీ మొదటికే. "అతుకులేస్తే కంప్యూటర్ పాడినట్ల ఉంటాది, నేను పాడినట్ల ఉండదు," అనేది.

తొమ్మిదోది ఆఖరి పాట. అప్పటికే ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. అయినా ఆ వారం గొంతు తేరుకుంది. శుక్రవారం పాడతానంది. గురువారం సాయంత్రం నేను షెడ్డు కడిగి బ్లీచింగ్ చల్లాను. తర్వాతి పురుగులకు రోగం రాకుండా, పంట తీశాక చల్లడం ఇరవై ఏళ్ల అలవాటు. ఆలోచించలేదు. పొద్దున ఆమె లోపల అడుగుపెట్టగానే దగ్గు పట్టుకుంది. సాయంత్రందాకా వదల్లేదు.

"పురుగులకు చేసే మర్యాద నాకూ చేసినావు కదప్పా," అని నవ్వింది.

ఆ పాటకు సరిపడా ఊపిరి మళ్లీ రాలేదు.

నిన్న డ్రమ్ములు వాయించే ఆయన ఇంటికొచ్చాడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

"బావా, ప్రాక్టీసులో అక్క పాడిన ముక్కలుండాయి. అన్నీ జోడిస్తే పాటైపోతాది. లేదంటే మన గిటారాయన కూతురు పాడతాది. ఏం చేద్దాం?"

"అక్క ఏమంటుందో నీకు తెలుసు కదా."

"తెలుసు బావా. అయినా నువ్వు చెప్పల్ల."

ముక్కలు వినిపించాడు. గొంతు ఆమెదే. ప్రతి ముక్క చివరా ఊపిరందక ఆగడమూ ఆమెదే. నాకు అవే కావాలనిపించింది. ముప్పై ఏడేళ్లు ఆ గొంతు వింటూ నిద్ర లేచాను. అది నా భాగ్యం. ఆల్బమ్ నాది కాదు.

గిటారాయన కూతురికి ఫోన్ చేశాను.

"నేను పాడితే మీకు కష్టంగా ఉంటాది కదా, చిన్నాయనా?"

ఉంటుందన్నాను. రమ్మన్నాను.

రేపు పొద్దున ఏడున్నర బస్సుకు స్టాండుకు వెళ్లి ఆ అమ్మాయిని షెడ్డుకు తీసుకొస్తాను. పాట పూర్తయ్యేదాకా బయట కూర్చుంటాను.