ఆ రాత్రి బాపట్లలో

మా ఆయన తెనాలిలో పత్రికా విలేకరి. రేపల్లె మెకానిక్ ఒకాయనకు, నిజాంపట్నంలో పడవ ఇంజను ఎత్తుకుపోయాడని శిక్ష పడితే, "ఆ మనిషి దొంగ కాడు" అని పట్టుబట్టి పేపర్లో రాశారు. అప్పట్నుంచి మా ఇంటికి జైలు ముద్ర వేసిన ఉత్తరాలు రావడం మొదలైంది. పోస్టుమాన్ వాటిని వీధంతా వినపడేలా కేకేసి మరీ ఇచ్చేవాడు.

పై కోర్టులో అప్పీలు నిలబడాలంటే, దొంగతనం జరిగిన రాత్రి ఆ మెకానిక్ ఎక్కడున్నాడో తేలాలి. మా ఆయన ప్రతి ఉత్తరంలోనూ అదే అడిగేవారు. ఆయనేమో జైలు సాంబారులో ములక్కాడ ఒక్కటీ తగల్లేదని రెండు పేజీలు రాసి, చివర్లో "నేనెక్కడున్నానో ఆ ప్రభువుకు తెలుసు అన్నయ్యా" అని ముగించేవాడు.

"ప్రభువును బోనెక్కించలేం కదే!" అని మా ఆయన తల పట్టుకునేవారు.

ప్రతి ఉత్తరం అడుగునా ఇంకో మాట ఉండేది: "ఇవి మా ఆవిడకు చూపించట్లేదుగా?"

"ఈయన భయం జైలరు గురించి కాదండీ, పెళ్ళాం గురించి," అన్నాను.

చూపించనని మా ఆయన ఒట్టు పెట్టి రాశారు. అప్పుడు బయటపడింది సంగతి. ఈస్టరు ముందు నలభై రోజులూ మాంసం ముట్టనని భార్యతో కలిసి చర్చిలో మాటిచ్చిన మనిషి, ఆ రాత్రి బాపట్ల హోటల్లో కూర్చుని బిర్యానీ తిన్నాడు!

హోటలాయన్ని అడిగితే, "ఎందుకు గుర్తులేదండి! బిర్యానీలో గుడ్డు రాలేదని గొడవ. వచ్చేదాకా కదలనని తెల్లవార్లూ బల్ల మీదే పడుకున్నాడండి," అన్నాడు.

ఇంత సాక్ష్యం దొరికినా, దాన్ని కోర్టులో చెప్పడానికి మెకానిక్ ఒప్పుకుంటేగా! "మా ఆవిడకు తెలిసేకంటే శిక్ష పూర్తి చేయడమే నయం" అని రాశాడు.

ఒట్టు తీసి గట్టున పెట్టి ఇద్దరం రేపల్లె వెళ్ళాం. మెకానిక్ భార్య అంతా విని నా వైపు తిరిగింది.

"చికెనా మటనా వదినా?"

"చికెనే."

"నేనిక్కడ గంజి తాగుతుంటేనా! అన్నయ్యగారూ, ఆయన్ని తొందరగా బయటికి తీసుకురండి. నాకు పనుంది."

హోటలాయన సాక్ష్యంతో పై కోర్టులో శిక్ష కొట్టేశారు. జైలు గేటు దగ్గర భార్య చేతిలో క్యారియరు చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మూత తీస్తే గంజి.

"నలభై రోజులూ మళ్ళీ మొదట్నుంచీ," అందావిడ.

ఆయన వెనక్కి తిరిగి గేటు వంక ఆశగా చూశాడు.

తర్వాతి వారం రేపల్లె నుంచి కార్డు వచ్చింది. "అన్నయ్యా, ఫోను ఆవిడ దగ్గరుంది, అందుకే కార్డు. జైల్లో ఆదివారం కోడికూర అయినా పెట్టేవాళ్ళు. నా తరఫున ఇంకొక్కసారి పేపర్లో రాయరూ?"

మా ఆయన పెన్ను తీశారు. నేను ఆ పెన్ను లాక్కున్నాను.

"ఈ కేసులో మాత్రం ఆయన దొంగేనండీ!"