రాజేశమన్న రంపం, దొరకని పిస్టన్

బుధవారం పొద్దున రాయదుర్గంలో మా ఆఫీసు గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే మనిషి నా బ్యాగు తెరవకుండానే, "రాజేశం సార్ పోయిండంట మేడం, ఎరుకేనా" అన్నాడు. వేరే రాజేశం అయి ఉంటాడని అతనికే నచ్చజెప్పాను. ముందు రోజు సాయంత్రమే కదా, వేపచెట్టుకు అడ్డంగా బోర్డు కట్టారని మా అడ్మిన్ వాళ్లమీద ఆయన గొంతు చించుకుని అరిచింది. అంత కోపం ఉన్న మనిషి తెల్లారేసరికి లేకుండా పోవడమేమిటి? లిఫ్టు ఎక్కి, నా సీటులో కూర్చుని, ఆయన నంబరుకే ఫోన్ చేశాను. ఆయన భార్య సుశీలక్క ఎత్తింది. నిద్రలోనే గుండె ఆగిందని చెప్పింది. ఆ దుర్వార్తను నమ్మడానికి ఆ గొంతు తప్ప నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

బొమ్మెన రాజేశం గారు మా ప్రాంగణంలో తోటలకు, చెట్లకు అధికారి. అటవీశాస్త్రం చదివారు. మంచిర్యాల దగ్గర పుట్టి, ఉద్యోగరీత్యా బోరబండలో స్థిరపడ్డారు. నేను కడప జిల్లా దాన్ని, కొనుగోళ్ల విభాగంలో పని. ఆయన అడిగే ఎరువులకు, పైపులకు సగం సార్లు నేను అడ్డుచెప్పేదాన్ని, మిగతా సగం సార్లు ఆయనే అలిగి వెనక్కి తీసుకునేవారు. మా పరిచయం ఆ తగవులతోనే మొదలైంది. మొదట 'మేడం' అనేవారు, తర్వాత 'చెల్లె' అన్నారు. ఎప్పుడు మారిందో గుర్తులేదు కానీ, ఆ మాటతో నేను గెలిచిన తగవులన్నీ ఓడిపోయానని మాత్రం తెలుసు.

ఆయన జీవితంలో ఒక రంపం ఉండేది. పెట్రోలుతో నడిచే పాత జర్మన్ రంపం. కట్టెల డిపోలో పనిచేసిన ఆయన తండ్రి దాన్ని మోసి మోసి, ఆ మోతకు కుడి చెవి వినికిడి పోగొట్టుకున్నాడట. తండ్రి పోయాక ఏళ్ల తరబడి గొడ్ల కొట్టంలో పడి ఉంటే, రాజేశమన్న తెచ్చి బోరబండ ఇంటి వరండాలో పెట్టుకున్నారు. తుప్పు వదిలించారు, కార్బొరేటరు విప్పి కడిగారు, లోపలి పొరలు మార్చారు, స్పార్కు రాని కాయిలుకు బదులు ఇంకోటి కోసం ఊళ్లు తిరిగారు. ఇంత యాతన దేనికన్నా అని ఒకసారి అడిగాను. "మా నాయిన ఎక్కువ మాట్లాడకపోతుండె చెల్లె. గిదే మాట్లాడుతుండె" అన్నారు.

అంతటి మనిషీ పొరపాట్లకు అతీతుడేమీ కాదు. కొత్త గొలుసు కొన్న రోజు చూడాలి. కొలత తీసుకోకుండా, "నా కండ్లే కొలత" అని తెచ్చారు. పళ్ల మధ్య ఎడం రంపం చక్రానికి కలవదు. ఒప్పుకుంటారా? గొలుసు సాగుతుందని కాసేపు, చక్రం అరిగిందని కాసేపు వాదించి, చివరికి ఆ గొలుసును వరండా కిటికీకి వేలాడదీశారు. ఎవరైనా అడిగితే అలంకారమని చెప్పేవారు. సుశీలక్క మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ అలంకారం చరిత్ర వివరించేది. సరైన గొలుసు దొరికి, రంపం మొదటిసారి మోగిన పూట ఆయన దాన్ని ఆపకుండా పట్టుకుని నిలబడ్డారు. పక్కింటివాళ్లు గోడమీదినుంచి తిట్టారు. ఆయనకు వినపడితే కదా.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతమైన కాలమది. రాజేశమన్న ఉద్యమ మనిషి, అందులో దాపరికం లేదు. రోడ్డుమీద వంటావార్పు అంటే పొయ్యి ముట్టించేది ఆయనే. రాష్ట్రం ఎందుకు కావాలో నాకూ ఎన్నోసార్లు చెప్పారు. నేను ఒప్పుకున్నవీ ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. ఆఫీసు క్యాంటీన్లో అప్పటికే బల్లలు చీలిపోయాయి. కిటికీ పక్క బల్లలు అక్కడివాళ్లవి, నీళ్ల కూలరు పక్కవి ఇక్కడివాళ్లవి. ఎవరూ గీత గీయలేదు, అయినా అందరికీ గీత తెలుసు. నా టిఫిను డబ్బాలో ఉల్లికారం వాసన ఇష్టపడే మనిషి, కూలరు దగ్గర కూర్చుని నావైపు చూసి తల ఊపి ఊరుకునేవారు. నాకు ఒళ్లు మండేది.

అట్లాంటి రోజుల్లోనే ఒక బంద్. ముందు రోజు సాయంత్రపు గాలివానకు మణికొండలో మా వీధి మొగలో నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడింది. తెల్లారి మా అత్తకు ఊపిరి అందలేదు. బంద్‌లో ఆంబులెన్సు దొరకలేదు. మా కారేమో చెట్టుకు ఇవతల ఉంది. ఎవరికి చెయ్యాలో తోచక రాజేశమన్నకు చేశాను. ఆయన అప్పుడు రాస్తారోకోలో కూర్చుని ఉన్నారు. ఫోన్‌లో నినాదాలు వినిపిస్తున్నాయి. "జర ఆగు చెల్లె" అన్నారు, అంతే. ఇంటికి పోయి, రంపాన్ని బండిమీద వేసుకుని, అడ్డగించిన తమవాళ్లకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చారు.

సగం మాను కోసేసరికి రంపంలో పెట్రోలు అయిపోయింది. ఆ రంపానికి ఉత్త పెట్రోలు పనికిరాదు, ఆయిలు కలపాలి, లేకపోతే లోపల పిస్టన్ కాలి పట్టేస్తుంది. ఆయిలు డబ్బా హడావుడిలో బోరబండలోనే ఉండిపోయింది. దుకాణాలన్నీ మూతపడ్డాయి. మా ఆయన కారులోంచి పైపుతో పెట్రోలు తీశాడు. రాజేశమన్న ఒక్క క్షణం రంపంవైపు చూశారు. "వద్దన్నా, ఇంకేదన్నా చూద్దాం" అన్నాను. "బంద్ పెట్టింది మేమే గద. తొవ్వ దీసుడు గూడ మా పనే" అని ఉత్త పెట్రోలే పోసి తాడు లాగారు. మాను రెండుగా విడిపోయి మేమంతా దాన్ని దొర్లిస్తుండగా రంపం కీచుమని ఆగిపోయింది. మా అత్త దవాఖాన చేరింది, బతికింది. ఇవాళ ఆమె ఆయనకోసం ఏడుస్తోంది. ఆ రంపం మళ్లీ మోగలేదు.

కాలిపోయిన పిస్టన్‌కు బదులు ఇంకోటి నేనే వెతికి తెస్తానని ఆ వారమే మాటిచ్చాను. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం బోరబండ వెళ్లడం మాకు ఆనవాయితీ అయింది. కాలిన పిస్టన్‌ను గుడ్డసంచిలో వేసుకుని ఆయన ముందు, నేను వెనక. రాణిగంజ్ దుకాణాలు, బాలానగర్ పాత ఇనుము అంగళ్లు, ఎక్కడ కట్టెకోత మిషన్ మూతపడిందంటే అక్కడ. మధ్యాహ్నానికి ఇంటికొస్తే సుశీలక్క జొన్నరొట్టెలు. లేతు మిషన్‌మీద కొత్తది చేయిద్దామంటే వినరు. "నకలు బిగిస్తే మా నాయిన గొంతు రాదు" అనేవారు. తిరిగినంతసేపూ రాజకీయాలు వాదించుకునేవాళ్లం. క్యాంటీన్లో నోరు తెరవని విషయాలన్నీ ఆ దుకాణాల గడపల్లో తేల్చుకునేవాళ్లం. తేలేవి కావు, అది వేరే సంగతి.

రాష్ట్రం ఇస్తున్నామన్న ప్రకటన వచ్చిన రోజు ఆఫీసులో ఒక వైపు మిఠాయిలు, ఇంకో వైపు ముడుచుకున్న మొహాలు. రాజేశమన్న మిఠాయి డబ్బా పట్టుకుని నా సీటుదాకా వచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. నేనే తీసుకున్నాను. "ఐతారం వస్తవా" అని అడిగారు. రానని ఎందుకు అనుకున్నారో నాకు అర్థం కాలేదు, కొంచెం కోపం కూడా వచ్చింది. వెళ్లాను. ఆ ఆదివారమే బాలానగర్లో ఒక పిస్టన్ దొరికింది. నా కళ్లకు అచ్చం అదే. కాలినదాని పక్కన పెట్టి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, వేలితో తడిమి, "జర దొడ్డుంది, నడవది" అని బల్లమీద పెట్టేశారు. కొలిచి చూడన్నా అంటే "నా కండ్లే కొలత" అన్నారు. ఆ గొలుసు సంగతి గుర్తుచేసి దారిపొడుగునా దెప్పాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. వరండాలో ఆ రంపం, కిటికీకి ఆ పనికిరాని గొలుసు. నేను సుశీలక్కతో, బాలానగర్ పిస్టన్ ఇంకా అమ్ముడుపోలేదేమో, రేపే తెచ్చి బిగిద్దాం, ఆయన పేరుమీద ఒక్కసారైనా మోగనీ అన్నాను. ఆమె లోపలికి వెళ్లి, నూనెగుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే పిస్టన్. కొత్తది, అసలుది, రింగులతో సహా.

"పోయినేడు మా ఊరి డిపోల దొరికింది" అంది అక్క. "బిగియ్యమంటే ఇనకపాయె. ఇది బిగిస్తే చెల్లె ఇగ రాదు అన్నడు. ఇప్పుడు అసలే దినాలు మంచిగ లేవు, ఇదొక్కటన్న ఉండనీ అన్నడు."

ఎంత పిచ్చి మనిషివన్నా. రంపం బాగైతే నేను రానని నీకు ఎవరు చెప్పారు? ఒక్కసారి అడిగి ఉంటే గట్టిగా తిట్టి ఉండేదాన్ని కదా. తండ్రి గొంతు వినాలని అంత తపించినవాడివి, ఏడాది పాటు ఆ గొంతును నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో దాచావు. నా ఆదివారాల కోసమా? వస్తానన్న ఆ జవాబు చెప్పే అవకాశం నాకు లేకుండా పోయింది. ఆయన సౌహార్దానికి, ఆ మొండితనానికి, ఆ వృథా భయానికి కూడా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా ప్రాంగణంలో చెట్లకు ఇంకో అధికారి వస్తాడు. ఆ రెండు వరసల బల్లల మధ్య లేచి నడిచి వచ్చే మనిషి మాత్రం రాడు.

పిస్టన్‌ను మళ్లీ గుడ్డలో చుట్టి అక్క చేతికే ఇచ్చాను. మెకానిక్‌ను తెస్తానని లేచాను. చెప్పులు వేసుకుంటుంటే అక్క గడపలోకి వచ్చి రంపంవైపు చూసింది.

"పిస్టన్ ఉన్నది గని చెల్లె, ఆ పట్టి గూడ అరిగినట్టున్నది, చూసినవా" అంది. గొలుసు తిరిగే ఆ పట్టి బాగానే ఉంది. నేనే దగ్గరుండి మార్పించాను. "అసలుదే దొరకాలె. ఐతారం వస్తవా?"

అరిగిందక్కా, వెతకాలి, వస్తాను అన్నాను.