తెరచాప మీది అతుకు

నా చిన్నప్పుడు మా అవ్వ నన్ను ‘పోలీసు పటేలు’ అని వెక్కిరించేది. అవ్వ అంటే మా అమ్మే, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. పాలలో నీళ్ళెన్ని కలిశాయో, తమ్ముడు పలక నిజంగా పోగొట్టుకున్నాడో, కావాలనే పారేశాడో, ఆదివారం చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారో, కునుకు తీస్తున్నారో, అన్నీ నాకు తేలాల్సిందే. పదేళ్ళ పిల్లకు ఇంత అనుమానం ఎవరి నుంచి వచ్చిందా అని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయేవాళ్ళు. ఎవరి నుంచి వచ్చిందో నాకు కూడా మొన్నమొన్ననే తెలిసింది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే దారిలో ఒక బావి చుట్టూ ఆరు గదులుండేవి. అందులో ఒకటి మాది, అద్దెకు. గదులూ బావీ పక్కింటి అక్క వాళ్ళ మామగారివి. మా బాపు, అంటే నాన్న, లారీ డ్రైవరు. ఆ రోజుల్లో దూరపు ఊరికి లోడు తీసుకుపోయిన డ్రైవర్లు అక్కడ స్టూడియోలో ఒక ఫోటో దిగి తెచ్చేవాళ్ళు. వెనక తెర మీద సముద్రం ఉంటే బొంబాయి, కోట ఉంటే ఇంకేదో ఊరు. వాడకట్టులో అందరూ ఆ ఫోటో చేతులు మార్చుకుని చూసి, పోయివచ్చాడు అని ఒప్పుకునేవాళ్ళు. ఫోటో లేకుండా ఎంత దూరం పోయివచ్చినా లెక్కలోకి రాదు.

అంతకుముందు బాపు మా ఊరి సేటు లారీయే నడిపేవాడు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది మాత్రం నిజామాబాద్‌లో ఇంకో సేటు దగ్గర బొంబాయి లైనుకు కుదిరానని చెప్పాడు. అప్పటి నుంచి పోతే నెల, ఒక్కోసారి నలభై రోజులు. తిరిగొచ్చినప్పుడల్లా ఒక ఫోటో తెచ్చేవాడు. సముద్రం, సముద్రం మీద తెల్లని తెరచాపతో ఓడ, ముందు మా బాపు. అవ్వ దాన్ని నల్ల అట్టల ఆల్బంలో మైదా జిగురుతో అతికించేది. మిగతా ఫోటోలకు మూలల్లో మాత్రమే జిగురు పెట్టేది, ఈ బొంబాయి ఫోటోలకు మాత్రం వెనక నాలుగంచులా పూసి గట్టిగా నొక్కేది. అది చూసినప్పుడే నాలోని పోలీసు పటేలు లేచి కూర్చుంది.

ఇక వరసగా అన్నీ కనబడసాగాయి. బాపు బొంబాయి నుంచి తెచ్చిన మిఠాయికి చుట్టిన కాగితం తెలుగు పేపరు. ఇదివరకు ఇంట్లోకి అడుగు పెడితే గుప్పుమనే డీజిల్ వాసన లేదు, చేతులు ఏదో ఘాటు సబ్బు వాసన వేసేవి. నడి వేసవిలో కూడా నిండు చేతుల చొక్కా, గుండీలు పెట్టుకునే ఉండేవాడు. వీటన్నిటికీ ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. కానీ తెరచాప సంగతి అలా కాదు.

అంతకుముందు క్రిస్మస్‌కు మేమంతా నిజామాబాద్ పోయి స్టూడియోలో ఫోటో దిగాం. తమ్ముడు ఏడుపు ఆపేదాకా నేను అక్కడి ఓడ బొమ్మ తెర ముందే నిలబడి ఉన్నాను, వేరే పనిలేక దాన్నే చూస్తూ. ఓడ తెరచాప దగ్గర తెర చిరిగితే ఎవరో వేరే బట్ట ముక్క పెట్టి అడ్డదిడ్డంగా కుట్టారు. మా ఫోటోలో ఆ అతుకు అవ్వ తల వెనక పడి కనబడలేదు. బాపు బొంబాయి ఫోటోలో మాత్రం ఆయన భుజం పక్కన స్పష్టంగా ఉంది. అదే అతుకు, అవే వంకర కుట్లు. తీసి చూస్తే ఏడు ఫోటోల్లోనూ ఉంది.

అంటే బాపు బొంబాయి పోలేదు. మరి ఎక్కడికి పోతున్నాడు? మా పక్క గల్లీలో ఒక డ్రైవరుకు నాందేడ్‌లో ఇంకో సంసారం బయటపడి, బావి దగ్గర ఆడవాళ్ళు నెలరోజులు అదే మాట్లాడుకున్నారు. నా బుర్రలో అది మెదిలింది. ఎక్కడో ఇంకో గదిలో ఇంకో పిల్ల మా బాపును బాపు అని పిలుస్తున్నట్టు ఊహించుకుని, ఒంటరిగా కూర్చుని ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. అవ్వను అడగాలంటే నోరు రాలేదు. అడిగితే ఆమె గుండె పగులుతుందని నా భయం. అందుకని తెలివిగా పక్కింటి అక్కను అడిగాను.

“అక్కా, బొంబాయిల ఉండే పర్ద, నిజామాబాద్‌ల ఉండే పర్ద ఒక్కటే ఉంటదా? అతుకు సుత ఒక్కతీరుగనే ఉంటదా?”

అక్క నీళ్ళు చేదడం ఆపి నా వైపు తిరిగింది. అంతా చెప్పించుకుంది. “రేపు పగటీలి వస్త, గా ఫోటోలు నేను సుత సూస్త” అంది.

ఆమె వచ్చేలోగా నాకే తేలాలనుకున్నాను. మర్నాడు పొద్దున అవ్వ బట్టలుతకడానికి పోగానే, ఉడుకుతున్న అన్నం గిన్నె ఆవిరి మీద ఆల్బం అట్ట పట్టాను. ఒక మూల లేచింది. మెల్లగా లాగితే ఫోటో ఊడి వచ్చింది, ఒక అంచు మాత్రం చినిగింది. వెనక పెన్సిలుతో అవ్వ రాత. మిషన్ బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు.

‘దవాఖాన. ముప్పై ఆరు దినాలు. కుడి చెయ్యికి సురుకు తెలుస్తలేదు.’

సురుకు అంటే కాలితే తెలిసే మంట. ఇంకొకటి ఊడదీశాను. ‘దవాఖాన. నలభై దినాలు. మచ్చ తగ్గింది. చిటికెన వేలు ఒంగుతలేదు.’

మూడోది చేతిలో ఉండగా గుమ్మంలో అవ్వ. తడి బట్టల బకెట్టు కింద పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

“మీ బాపుకు పెద్దరోగం బిడ్డా” అంది, చాలా చిన్న గొంతుతో.

పెద్దరోగం అంటే కుష్టు. ఆ మాటను అందరూ అలాగే అనేవాళ్ళు, అసలు పేరు పలికితేనే అంటుతుందన్నట్టు. నిజామాబాద్‌కు అవతల, చెట్ల మధ్య ఉన్న దవాఖానలో ఉండి మందు తీసుకుంటున్నాడు. వచ్చే దారిలో స్టూడియోలో దిగి ఆ ఓడ ముందు నిలబడుతున్నాడు. నయమవుతుందని డాక్టరు చెప్పాడు, మందు వాడుతుంటే మాకెవ్వరికీ అంటుకోదని కూడా చెప్పాడు. కానీ ఊరు డాక్టరు మాట వినదు. అవ్వ పుట్టిన ఊళ్ళో ఒకరికి ఈ రోగమని తెలియగానే, ఆ ఇంటి వాళ్ళందరినీ బావి దగ్గరికి రానివ్వలేదట. పిల్లలను బడిలోంచి పంపేశారట. చివరికి వాళ్ళు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయారట.

“మరి వెనక ఎందుకు రాసినవే? ఎవలన్న సూస్తె?”

“ఇన్ని అబద్దాలు చెప్పుకుంట చెప్పుకుంట, నిజమేందో నేనే మర్సిపోతనేమో అని భయమైంది. దవాఖానల అడిగితె సుత చెప్పాలె గదా, చెయ్యి ఎప్పుడెట్ల ఉన్నదని.”

అప్పుడు చెప్పాను, పక్కింటి అక్కకు చెప్పానని. అక్క మధ్యాహ్నం ఫోటోలు చూడటానికి వస్తోందని. అవ్వ ముఖంలో రక్తం లేకుండా పోయింది. ఆ బావి వాళ్ళది, ఆ గది వాళ్ళది. అవ్వ లేచి గిన్నెలో మైదాపిండి కలిపి పొయ్యి మీద పెట్టింది. “నువ్వే ఇప్పినవ్, నువ్వే అంటియ్యి” అంది. నేను మూడూ మళ్ళీ అతికించాను. జిగురు ఆరిందో లేదో అక్క వచ్చింది.

చాప మీద కూర్చుని ఆల్బం తిప్పింది. అతుకు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు చూసింది. అవ్వ ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది, ఒక్క రాయి కూడా తీయడం లేదని నాకు కనబడుతోంది. ఆ ఫోటో అంచు ఇంకా తడిగానే ఉంది. అక్క గోరు అక్కడే ఉంది.

“ఏమే పిల్లా, గీ పర్ద నిజామాబాద్‌దే అంటివి గదా?”

చర్చిలో ఆదివారం బడిలో అబద్ధమాడకూడదని నేర్పిన వాక్యం నాకు కంఠతా వచ్చు. అది పక్కనపెట్టి అక్క కళ్ళలోకి చూశాను. “గాదక్కా. నేను పరాకుగ సూసిన. క్రిస్మస్‌కు దిగిన పర్దకు అతుకు లేకుండె.”

అక్క నన్ను చూసింది, అవ్వను చూసింది. తన వేలికి అంటిన జిగురును చూసుకుంది. దాన్ని చీర కొంగుకు మెల్లగా తుడుచుకుని, “పర్దలన్ని ఒక్కతీరుగనే ఉంటయి తియ్యి” అని ఆల్బం మూసింది. పోతూ పోతూ “చెల్లె, నీళ్ళకు జల్ది రా, సాయంత్రమైతె రద్దీ అయితది” అంది అవ్వతో. ఆమె మమ్మల్ని నమ్మిందో, అంతా అర్థమై కూడా ఊరుకుందో నాకు ఈ రోజుకూ తేలలేదు. ఆ బావి నీళ్ళు మాత్రం మాకు ఎన్నడూ బంద్ కాలేదు.

ఆమె పోయాక అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. “అనుమానమొస్తె తప్పు కాదు. ఎవరి మీద వస్తె వాళ్ళనే అడుగు. పక్కింట్ల అడుగకు” అంది.

తర్వాతి నెల బాపు ఇంకో ఫోటో తెచ్చాడు. అవ్వ పెన్సిలు నా చేతికిచ్చింది. బాపు స్నానానికి పోయినప్పుడు అవ్వ చెప్తుంటే నేను రాశాను, ‘దవాఖాన. ముప్పై దినాలు. చిటికెన వేలుకు సురుకు వచ్చింది.’ కాస్త ఆగి, కింద ఇంకో మాట చేర్చాను, ‘నాకు ఎరుకే.’ జిగురు పూసి నేనే అతికించాను. ఆ తర్వాత ఓడ ఫోటోలు రాలేదు. బాపుకు నయమైంది. రెండు వేళ్ళు బిగుసుకుపోయాయి గానీ, మళ్ళీ డీజిల్ వాసనతో ఇంటికొచ్చాడు. నేను ఆయనను ఎప్పుడూ అడగలేదు, ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చనిపోయేదాకా మా ఇద్దరి మధ్య ఆ బొంబాయి అలాగే ఉండిపోయింది. అవ్వ మాటను ఊరందరి దగ్గరా పాటించి, బాపు దగ్గర పాటించలేకపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మొన్న నా మనవరాలు నేనిప్పుడుంటున్న నిజామాబాద్ వచ్చి ఆ ఆల్బంలో ఫోటోలన్నీ ఫోనులోకి ఎక్కించింది. ఇప్పటి ఫోటోలకు ఎక్కడ దిగిందీ ఆ ఫోనే రాసుకుంటుందట, పాతవాటికి మనం చెప్పాలట. ప్రతి ఫోటోకూ నేను చెప్పిన ఊరి పేరు రాస్తూ వచ్చి, మా నిజామాబాద్ క్రిస్మస్ ఫోటోలోనూ ఇదే ఓడ చూసి, ఆఖరి ఓడ దగ్గర బొటనవేలు ఆపింది. “గిది బొంబాయేనా అమ్మమ్మా? నిజం చెప్పు.”

ఇన్నేళ్ళకు జిగురు పొడిపొడిగా రాలిపోయింది. “ఎనకకు తిప్పు” అన్నాను. నా చిన్ననాటి రాత చదివింది. చదివి ఆగలేదు. “కింద ఇంకోటున్నది, వేరే రాత” అంది. అద్దాలు పెట్టుకుని చూశాను. ‘నాకు ఎరుకే’ అన్నదాని కింద, బిగుసుకున్న వేళ్ళతో పట్టి రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు.

‘బిడ్డకు ఎరుకేనట. ఇగ బొంబాయి బంద్.’

నేను అతికించిన ఫోటోను బాపు కూడా ఎప్పుడో విప్పి చూశాడన్నమాట. చూసి, రాసి, మళ్ళీ అతికించి, నాతో ఒక్క మాట అనలేదు. ఆ అనుమానపు బుద్ధి ఎవరిదో నాకప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. మనవరాలు కంగారుపడి ఫోను పక్కన పెట్టింది.

“ఏమైంది అమ్మమ్మా? ఎవరికేం ఎరుక?”

పక్కింటికి పోకుండా నన్నే అడిగింది. “కూసో బిడ్డా, చెప్త” అన్నాను.